చక్రం కింది నిమ్మకాయ

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున మా అన్న మనవరాలు సహన బెంగుళూరు కాడుగోడిలోని మా ఇంటికి వచ్చి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోన్లో డ్రైవింగ్ స్కూళ్ళ ఫీజులు ఒక్కొక్కటే చదివి వినిపించడం మొదలుపెట్టింది. పద్దెనిమిది నిండిన పిల్ల. వాళ్ళ నాన్న ఆఫీసులో ఎవరో అమ్ముకుంటున్న పాత కారు బేరమాడాడు. అది ఇంటికి వచ్చేలోగా తను తోలడం నేర్చుకోవాలని దాని ఆరాటం. "స్కూల్లో చేరితే స్టీరింగ్ మన చేతికి వచ్చేలోపలే క్లాసులు అయిపోతాయంట అవ్వా. నా ఫ్రెండ్ ఒకడు ఫ్రీగా నేర్పిస్తానన్నాడు. రైల్వే స్టేషన్ అవతల కొత్త లేఅవుట్ ఉంది కదా, పొద్దున్నే అక్కడ ఎవరూ ఉండరు. ఎల్‌ఎల్‌ఆర్, అదే ఆ లెర్నర్ లైసెన్సు, తరువాత నిదానంగా తీసుకోవచ్చు. కారుకి ఇన్సూరెన్స్ ఎట్లాగూ ఉంటుంది, ఏమైనా అయితే వాళ్ళే చూసుకుంటారు" అంది. అని నవ్వి, "ఒక్కటే భయం. ముత్తాత బుద్ధి నాకు రాకూడదు. ఆయన టెంపోతో గుద్ది ఎవరిదో కాలు తీసేశాడంట కదా?" అంది.

మా అన్న వెంకటేశు అప్పుడు బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాడు. పెళ్ళాం పోయినప్పటి నుంచి కూతురింట్లోనే ఉంటున్నాడు, మా ఇంటికి రెండు వీధుల దూరం. ఆదివారం కాఫీ మాత్రం నా దగ్గరే. పేపరు మడిచి లోపలికి వచ్చి, "ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా నువ్వు స్టీరింగ్ ముట్టుకుంటే నేను మీ ఇంట్లో నీళ్ళు కూడా తాగను" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కాఫీ అలాగే ఉంది. సహన బిత్తరపోయి, "నేనేమన్నాను అవ్వా?" అంది. ఏమీ అనలేదులే అన్నాను. కానీ నాకు ఆ పిల్లమీద కోపం వచ్చింది, దానికి ఆ మాట నేర్పిన మా ఇంటిమీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. మా నాయన గురించి ఈ ఇంట్లో మిగిలింది ఆ ఒక్క ముక్కే.

నాయనకు చిక్కపేటలో బాడుగకు తిప్పే సొంత టెంపో ఉండేది. బట్టల గోడౌన్ల నుంచి మూటలు ఎక్కించుకుని బస్టాండ్లకూ రైల్వే పార్సిల్ ఆఫీసుకూ చేర్చేవాడు. మా ఇల్లు ఆ గోడౌన్ల వెనకసందులో ఒక గది, ఒక వంటిల్లు. పొద్దున తలుపు తీస్తే కొత్త బట్టల గంజి వాసన, సాయంత్రం నాయన గడప దాటితే డీజిల్ వాసన. ఈ రెండింటి మధ్యలో అమ్మ కలిపే రాగిసంగటి ఆవిరి. కొత్త చీర మడత విప్పినప్పుడల్లా నాకు పండగ గుర్తుకు రాదు, ఆ సందు గుర్తుకొస్తుంది. నాయన తక్కువ మాట్లాడేవాడు. బండి ఎక్కబోయే ముందు కాన్వాస్ బూట్ల అడుగులు గోనెపట్ట మీద రెండువైపులా రుద్దుకుని గానీ పెడలు మీద కాలు పెట్టేవాడు కాదు. ఎండ మండిపోతున్నా అంతే. "అరికాలికి తడి ఉంటే పెడలు మన మాట ఇనదప్పా" అనేవాడు. పెళ్ళి భోజనానికి పిలిచినా చేతులు కడుక్కోవడం కంటే బూట్లు తుడుచుకోవడానికే ఎక్కువసేపు పట్టేదని అమ్మ ఎగతాళి చేసేది.

అన్నకు పదిహేడు దాటాక డ్రైవింగ్ నేర్చుకోవాలన్న పిచ్చి పట్టుకుంది. మెజెస్టిక్ దగ్గర ఒక డ్రైవింగ్ స్కూల్ బోర్డు చూసి వచ్చి అడిగితే నాయన విసుక్కున్నాడు. "బండి ఇంట్లో పెట్టుకొని బయటోనికి దుడ్డు కట్టేదేంటికి? నేను సచ్చిపోయినానా?" అని ఆ సాయంత్రమే వంటింటి గుమ్మం దగ్గర స్టూలు వేసి, దాని ముందు మూడు ఇటుకలు వరసగా పేర్చాడు. ఎడమది క్లచ్చి, నడిమిది బ్రేకు, కుడిది యాక్సిలేటరు. బియ్యం డబ్బాలో నిలబెట్టిన సంగటి కట్టె గేరు. చేతికి పిండి జల్లెడ ఇచ్చి ఇదే స్టీరింగు అన్నాడు. అట్లా కొన్ని నెలలు మా అన్న కాలు కదపకుండా బెంగుళూరంతా తిరిగాడు. నాయన గోడకానుకుని కళ్ళు మూసుకుని, "ముందర ఎద్దులబండి. ఆపు. ఇప్పుడు ఎత్తు. క్లచ్చి నిదానం, నిదానం రా నాయనా" అని చెబుతుండేవాడు. పొయ్యిమీద ఎసరు పొంగుతుంటే అమ్మ చెయ్యి చాచి, "ఆ గేరు ఈపక్క ఇయ్యప్పా, సంగటి అడుగంటుతా ఉండాది" అనేది. నేను పక్కనే కూర్చుని హోంవర్క్ రాసుకుంటూ గేర్లన్నీ నోటికి నేర్చేసుకున్నాను. ఆడపిల్లవి నీకెందుకని ఎవరూ అనలేదు, నేర్చుకుంటావా అని కూడా అడగలేదు. యాభై దాటాక ఒక స్కూల్లో డబ్బు కట్టి చేరి మొదటిసారి క్లచ్చి మీద కాలు పెట్టినప్పుడు, పక్కనున్న కుర్రాడు చెప్పకముందే నా కాలికి అంతా తెలుసు.

ఇటుకల చదువు అయ్యాక ఆదివారాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున చిక్కపేటలో షట్టర్లన్నీ దించి ఉండేవి, హమాలీల చేతిబండ్లు గోడలకు ఆనించి ఉండేవి. సందు ఈ చివర నుంచి ఆ చివర వరకూ అన్న తోలేవాడు, నాయన పక్కన కూర్చుని హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి తీసేవాడు కాదు. పద్దెనిమిది నిండగానే ఎల్‌ఎల్‌ఆర్ తీయిద్దాం, అంతదాకా సందు దాటకూడదు అని నాయన నియమం. అది కూడా చట్టప్రకారం తప్పేనని ఆయనకు తెలుసు. అన్నకు కూడా కాళ్ళకు బూట్లు కొనిపెట్టాడు, గోనెపట్ట మీద రుద్దుకునే అలవాటు చేయించాడు. ఆ ఆదివారాల్లో నాయన మొహంలో ఉన్న సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

ఇన్సూరెన్స్ మాట కూడా ఆ ఇంట్లోనే విన్నాను. నాయన ఏటా అన్నిటికంటే చౌక రకం కట్టేవాడు, దాన్ని థర్డ్ పార్టీ అనేవారు. ఏజెంటు వచ్చి కాఫీ తాగుతుంటే అమ్మకు అది దండగ ఖర్చనిపించి, మన బండి పాడైతే ఇస్తారా అని అడిగింది. "మన బండికి రాదక్కా. మన బండి తగిలి ఎవురికైనా దెబ్బ తగిలిందనుకో, వాళ్ళకి వస్తాది" అన్నాడాయన. అమ్మకు అది నచ్చింది. ఎవరికో మంచి జరుగుతుందంటే ఆమెకు ఖర్చు బాధించేది కాదు. ఏజెంటు లేస్తూ లేస్తూ, "తోలేవానికి లైసెన్సు మాత్రం ఉండల్ల. అది లేకుంటే కంపెనీ చేతులెత్తేస్తాది" అన్నాడు. నాయన జేబులోంచి తన లైసెన్సు తీసి చూపించి నవ్వాడు.

ఆ ఏడాది ఆయుధపూజ. సందులోని బండ్లన్నీ కడిగి, అరటి పిలకలూ బంతిపూలూ కట్టారు. నాయన టెంపోను తూర్పుముఖంగా ఉండాలని గోడౌన్ అరుగు వైపు ముక్కు తిప్పి నిలబెట్టాడు. అరుగుకూ బండికీ మధ్య మనిషి నడిచేంత ఖాళీ. అమ్మ హారతి ఇచ్చింది, పళ్ళెం నేను పట్టుకున్నాను. నాయన బూడిదగుమ్మడికాయ దిష్టి తీసి చక్రం పక్కనే పగలగొట్టాడు. టెంకాయ నీళ్ళు, గుమ్మడి గుజ్జు, కుంకం నీళ్ళు కలిసి నేలంతా జారుడుగా ఉంది. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టారు. వాటిని తొక్కించి బండిని కాస్త కదిపితే పూజ పూర్తయినట్టు. ఎప్పుడూ అది నాయనే చేసేవాడు. ఆ రోజు ఉన్నట్టుండి అన్న వైపు తిరిగి, "నువ్వు ఎక్కరా. ఈపొద్దు నువ్వు తొక్కించల్ల. మంచి దినం" అన్నాడు. అన్న మొహం వెలిగిపోయింది. బూట్లతో మెట్టెక్కబోతుంటే నాయన ఆపాడు. "పూజ చేసిన బండిరా. ఇడిచి ఎక్కు" అన్నాడు.

తడి అరికాలికి పెడలు మాట వినదని జీవితమంతా చెప్పిన మనిషే ఆ మాట అన్నాడు. దేవుడి ముందు ఆయనకు తన నియమం గుర్తుకు రాలేదు. మాలో ఎవరికీ రాలేదు. పూజ చేసిన బండిలోకి చెప్పులతో ఎక్కడమన్నది మాకు ఊహకందని సంగతి. అన్న ఆ గుమ్మడి తడిలోంచే వట్టి కాళ్ళతో ఎక్కి కూర్చున్నాడు, ఇంజన్ స్టార్ట్ చేశాడు, గేరు వేశాడు. అప్పుడే కుడి చక్రం కింది నిమ్మకాయ దొర్లి పక్కకు పోయింది. నాయన బండికి మూటలెత్తే హమాలీ హనుమంతప్ప, మడకశిర వైపు నుంచి వచ్చినవాడు, మమ్మల్ని ఎత్తుకుని తిప్పినవాడు, "ఉండు ఉండు, నేను పెడ్తా" అంటూ అరుగుకూ బండికీ మధ్యలో వంగాడు. అన్న క్లచ్చి తొక్కే ఉన్నాడు. ఆ కాలు జారింది. బండి ఒక్క గంతు వేసి అరుగును కొట్టుకుని ఆగిపోయింది. నా చేతిలో హారతి ఇంకా వెలుగుతూనే ఉంది. హనుమంతప్ప ముందు అరవలేదు. కిందికి చూసుకుని, తరువాత అరిచాడు.

అందరూ కలిసి బండిని వెనక్కి నెట్టారు. ఆయన్ని ఆటోలో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అంతా ఆయన చుట్టూ ఉండగా నాయన ఏం చేశాడో నేను చూశాను. అన్న చెయ్యి పట్టి సీటులోంచి కిందికి లాగాడు. తాను ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పోలీసులు వచ్చేదాకా దిగలేదు. ఎవరు తోలిందని అడిగితే, "నేనే సార్" అన్నాడు. సందులో ఆ పండగ పూట అంతమంది ఉన్నారు, అందరూ చూశారు. ఒక్కరూ కాదనలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోనక్కరలేదు, సందులో బండ్లన్నిటికీ ఇన్సూరెన్స్ కట్టించేది ఆ ఏజెంటే, అందరికీ ఆయన మాట తెలుసు. లైసెన్సు లేని పిల్లవాడు తోలాడంటే హనుమంతప్పకు కంపెనీ నుంచి ఏమీ రాదు. మా దగ్గర అమ్మి ఇవ్వడానికి ఆ టెంపో తప్ప ఏమీ లేదు, ఆ టెంపో అమ్మినా ఒక కాలికి సరిపోదు.

మోకాలి కింద తీసేశారు. మూడో నాడో నాలుగో నాడో అమ్మ అన్నం క్యారియర్ కట్టి అన్ననూ నన్నూ ఆసుపత్రికి పంపింది. హనుమంతప్ప భార్య లక్ష్మక్క మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. అన్న క్యారియర్ కింద పెట్టి, ఆయన కాళ్ళ దగ్గర, కాలు లేని చోట, దుప్పటి మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. "మామా, నేను నిజం చెప్పేస్తాను. పోలీసులకి చెప్తాను. నాయన ఏమీ చెయ్యలేదు" అన్నాడు. హనుమంతప్ప పైకప్పు వైపే చూస్తూ మెల్లగా అన్నాడు. "నువ్వు నిజం చెప్తే నీ మనసు చల్లగయితాది. నా పిల్లోళ్ళకి ఏముంటాది? కాలు పాయ, ఆ దుడ్డూ పోవల్లనా? నువ్వు నాకు చేసే సాయం ఒకటే ఉండాది వెంకటేశా. నోరు మూసుకోని ఉండు." లక్ష్మక్క లేచి అన్న మొహం కొంగుతో తుడిచింది. "అన్నం తిన్నావా నాయనా" అని అడిగింది. ఆమె తిట్టి ఉంటే వాడు బాగుపడేవాడేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అన్న నోరు మూసుకున్నాడు. కోర్టులో నాయన నేరం ఒప్పుకున్నాడు, లైసెన్సు కొంతకాలం ఆపేశారు. ఏళ్ళు తిరిగాక హనుమంతప్పకు పరిహారం వచ్చింది. ఆయన అదే సందులో దారాలూ గుండీలూ అమ్మే చిన్న పెట్టె అంగడి పెట్టుకున్నాడు, పిల్లలు చదువుకున్నారు. ఆ అబద్ధం దాని పని అది చేసింది. కానీ సందు దాటితే అసలు సంగతి ఎవరికీ తెలియదు. లైసెన్సు తిరిగి వచ్చినా షావుకార్లు నాయనకు మూటలు ఇవ్వడానికి జంకారు. నిలబడ్డ బండితో మనిషి కాలు తీసినవాడు రోడ్డుమీద ఇంకేం చేస్తాడో అని వాళ్ళ భయం. టెంపో ఎండకూ వానకూ నిలబడి నిలబడి చివరకు పాత ఇనుము కింద తూకానికి పోయింది. నాయన ఒక గోడౌన్లో మూటలమీద ఊర్ల పేర్లు రాసే పనికి కుదిరాడు. సాయంత్రం ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంటే, ఆయన కాళ్ళు నేలమీద కదులుతుండేవి. ఎడమకాలు నిదానంగా పైకి వచ్చేది, కుడికాలు కిందికి పోయేది. ఆయనకు తెలియదు. అమ్మ చూసి మొహం తిప్పుకునేది. ఆ మూడు ఇటుకలను ఆమె ఎప్పుడో పొయ్యి కింద పెట్టేసింది.

ఆ తరువాత నాయన బతికినన్నాళ్ళూ ఆయనా అన్నా ఆ రోజు గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. ఒకే గదిలో, ఒకే పళ్ళేల వరసలో కూర్చుని తింటూ ఎలా మాట్లాడుకోకుండా ఉన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అన్నను కాపాడటానికే నాయన ఆ సీటు ఎక్కాడని సందులో అనుకున్నారు, హనుమంతప్ప కోసమే అని అమ్మ అనేది. బూట్లు విడవమన్నది తనే కాబట్టి, తోలింది నేనే అన్న మాట ఆయనకు అబద్ధంగా తోచలేదేమో అని నాకు ఈ వయసులో అనిపిస్తోంది. అన్న పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి చేరి అక్కడే రిటైర్ అయ్యాడు. జన్మలో సైకిల్ కూడా తొక్కలేదు. ఎందుకు తోలడని ఒకసారి వదిన నన్నడిగింది. భయమట అన్నాను. హనుమంతప్ప పోయాడు, లక్ష్మక్క పోయింది. నాయన పోయినప్పుడు పరామర్శకు వచ్చిన దూరపు బంధువొకాయన వాకిట్లో, "పాపం, ఆ యాక్సిడెంట్ చేసినాకనే మనిషి కుంగిపోయినాడు" అన్నాడు. అన్న పక్కనే కుర్చీలు సర్దుతున్నాడు. సర్దుతూనే ఉన్నాడు.

సహన చివరకు పద్ధతిగానే నేర్చుకుంటోంది. కంప్యూటర్ ముందు పరీక్ష రాసి ఎల్‌ఎల్‌ఆర్ తెచ్చుకుంది. స్కూల్లో చేరింది, ఫీజు సగం నేను ఇస్తానంటే గునిసి ఒప్పుకుంది. వాళ్ళ నాన్న కారు తన పేరుకు మార్పించి, ఇన్సూరెన్స్ ఫోన్లోనే కట్టేశాడు, కాఫీ తాగి షరతులు చెప్పే ఏజెంటు ఎవరూ రాలేదు. ఆ షరతులన్నీ సన్నటి అక్షరాల్లో ఉన్నాయి, సహన చదవలేదు, నేను చదివాను. అన్నీ సులువయ్యాయి. తప్పు చేయడం కూడా అంతే సులువుగా ఉంది, ఆ పొద్దుటి పూట లేఅవుట్లో నేర్పిస్తానన్న స్నేహితుడు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

మొన్న ఆయుధపూజకు వాళ్ళింటికి పిలిచారు. ఎప్పుడూ ఆ రోజు ఏదో సాకుతో గదిలోంచి బయటకు రాని అన్న ఈసారి అందరికంటే ముందే కిందికి దిగి కారు దగ్గర నిలబడ్డాడు. చేతిలో సహన బూట్లు. పూజ అయింది, గుమ్మడికాయ పగలగొట్టారు, నిమ్మకాయలు పెట్టారు. సహన వట్టి కాళ్ళతో ఎక్కబోతుంటే అన్న అడ్డంగా నిలబడి, "బూట్లు ఏసుకో" అన్నాడు. మా అన్న కూతురు, "అయ్యో నాన్నా, పూజ చేసిన బండికి బూట్లతోనా, అపచారం" అంది. అన్న మళ్ళీ అదే మాట అన్నాడు, గొంతు పెంచకుండా. సహన గునుస్తూ బూట్లు వేసుకుంది. ఆయన తన పంచె అంచుతో వాటి అడుగులు తుడిచాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి నేలమీద గొంతుకూర్చుని మనవరాలి బూట్లు తుడుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

సహన ఎక్కింది, వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నాడు. ఇంజన్ స్టార్ట్ అయింది. అన్న కారు ముందున్నవాళ్ళను ఒక్కొక్కరినే భుజం పట్టి పక్కకు జరిపాడు, ఫోటో తీస్తున్న వాచ్‌మన్‌ను కూడా. తరువాత కిటికీ దగ్గరకు వచ్చి వంగాడు.

"సహనా. మీ ముత్తాత ఎవురి కాలూ తియ్యలేదమ్మా."

సహన అర్థం కాక నవ్వబోయింది.

"ఆయన లైసెన్సు మీద జీవితంలో ఒక గీత కూడా పడలేదు, నా దాకా. ఆ పొద్దు బండి తోలింది నేను. నాకు లైసెన్సు లేదు. హనుమంతప్ప నిమ్మకాయ సరిచేస్తా వంగినాడు, నా కాలు జారింది. మా నాయన నన్ను దించి ఆ సీట్లో కూర్చున్నాడు. మళ్ళ దిగనేలేదు."

అన్న కూతురు హారతి పళ్ళెం పట్టుకుని నన్ను చూసింది. నేను తలూపాను. ఆ తలూపు తప్ప ఆ మాటకు సాక్ష్యం ఇవ్వగలిగినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. అన్న కారు ముందుకు పోయి ఖాళీ నేలను ఒకసారి చూశాడు, పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు పోనీమ్మా" అన్నాడు. "ముందర ఎవురూ లేరు."

సహన చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. తల తిప్పి, పక్కన నిలబడ్డ తాతను చూసింది. తరువాత ఇంజన్ ఆపేసింది.